రొట్టెల బట్టీ కాసినవాడి ఇంటిపేరు

ఇందులో ప్రతి మాటా నిజం. మా వైపు ఒక మనిషి మాట నమ్మాలంటే కాణిపాకం తీసుకెళ్ళి, కోనేట్లో ముంచి, తడిబట్టలతో వినాయకుడి ముందు నిలబెట్టి ప్రమాణం చేయిస్తారు. ఆర్కన్సా రాష్ట్రంలో, బెంటన్‌విల్‌లో కోనేరు దొరకదు కాబట్టి షవర్ కింద నిలబడి, ఒళ్ళు తుడుచుకోకుండా వచ్చి, తడి తువ్వాలుతో కుర్చీలో కూర్చుని ఈ మొదటి పేరా రాస్తున్నాను. కుర్చీ నానిపోతోందని మా ఆవిడ అరుస్తోంది. సాక్ష్యానికి అదొకటి.

ఇంత బందోబస్తు ఎందుకంటే, ఈ ఊరి తెలుగువాళ్ళలో నా మాటకున్న విలువ నాకు తెలుసు. వరంగల్ నుంచి వచ్చిన తమ్ముడొకడు మొన్న తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్ విందులో నా ముందే అన్నాడు: "అన్న చెప్పేదాంట్ల సగం తీసెయ్యాలె. మిగిలిన సగంల సగం నమ్మాలె. అది కూడా వదినని అడిగి కన్‌ఫర్మ్ చేస్కోవాలె." అందరూ నవ్వారు. మా ఆవిడ అందరికన్నా ఎక్కువసేపు నవ్వింది.

మా వీధి చివరి ఇల్లు ఒక పెద్దాయనది. మా కాలనీ లేవకముందు నుంచీ ఉన్న పాత చెక్క ఇల్లు. ఆయన జీవితమంతా ట్రక్కు నడిపి రిటైరయ్యాడు. భార్య పోయింది, పిల్లలు లేరు, ఒక్కడే ఉంటాడు. గేటు దగ్గర రేకు తపాలా పెట్టె, దాని మీద తెల్ల రంగుతో ఇంటిపేరు. ఫూర్నియే అని. ఫ్రెంచి పేరు.

అమెరికాలో తెలుగువాడు తెలుగువాణ్ణి చూస్తే మూడు ప్రశ్నలు వేస్తాడు. ఏ ఊరు, ఇంటిపేరేంటి, వీసా ఏంటి. మూడోది ఆయనకి వర్తించదు. మొదటి రెండూ నోటి అలవాటు కొద్దీ ఒక సాయంత్రం నడకకి వెళ్తూ అడిగేశాను. ఊరు ఇదేనన్నాడు. ఇంటిపేరు పెట్టె మీద చూపించాడు.

"దానికి అర్థమేంటి సార్?"

పెద్దాయన ఉత్తరాలు చంకలో పెట్టుకుని, ఆ పెట్టెని అప్పుడే కొత్తగా పాతినట్టు చూశాడు. "డెబ్బై ఎనిమిదేళ్ళలో నన్ను ఆ మాట అడిగినవాడివి నువ్వేనయ్యా. నాకు తెలీదు."

"నాకు తెలుసు," అన్నాను.

నాకు తెలీదు. కానీ ఖాళీ కనిపిస్తే పూరించకుండా ఉండలేని జబ్బు నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. "నిప్పు ఆరకుండా కాసేవాడు అని," అన్నాను. "పూర్వం ఫ్రాన్సులో ఊరి నిప్పంతా ఒకే చోట ఉండేది. దాన్ని కాచే పని మీవాళ్ళది. మీవాళ్ళు నిద్రపోతే ఊరు పస్తు."

ఆయన పెట్టె మీది అక్షరాలు వేలితో తడిమి లోపలికి వెళ్ళాడు. మర్నాడు తపాలా పంచే ఆవిడని ఆపి ఈ సంగతంతా చెబుతున్నాడు. చేతులతో నిప్పు కూడా చూపిస్తున్నాడు.

"మీకు ఫ్రెంచ్ ఎప్పుడొచ్చిందండీ?" అంది మా ఆవిడ. "హిందీయే రాదు. ఆ పెద్దాయన పాపం నమ్మేసినట్టున్నాడు. ఇప్పుడెవరైనా కరెక్ట్ మీనింగ్ చెబితే ఆయన మొహం ఎక్కడ పెట్టుకుంటాడు? మీరెలాగూ పెట్టుకోరు."

ఆ మాట గుచ్చుకుని శనివారం లైబ్రరీకి వెళ్ళాను. ఇంటిపేర్ల పుట్టుపూర్వోత్తరాలు చెప్పే లావుపాటి పుస్తకం ఒకటి తీసి ఆ పేజీ చదివాను. చదివి కుర్చీలో వెనక్కి వాలిపోయాను. ఫూర్నియే అంటే బట్టీ కాసేవాడు. ఆ రోజుల్లో ఫ్రెంచి పల్లెల్లో ఊరందరికీ ఒకటే రొట్టెల బట్టీ ఉండేదట, అది దొరగారిది. ఎవరింట్లో వాళ్ళు కాల్చుకోడానికి వీల్లేదు. పిండిముద్ద తట్టలో పెట్టుకుని బట్టీ దగ్గరికే తెచ్చి కాల్పించుకోవాలి, దొర వాటా దొరకి ఇచ్చుకోవాలి. కట్టెలు ఎగదోసి, వేడి చూసుకుని, ఎవరి రొట్టె వాళ్ళకి మాడకుండా తీసిచ్చేవాడే ఫూర్నియే. లాటిన్‌లో బట్టీకున్న మాట నుంచి పుట్టింది.

నా జన్మలో నేను చెప్పిన అబద్ధం నిజమవడం అదే మొదటిసారి. సంతోషం కన్నా భయం ఎక్కువ వేసింది. అంతకు ముందు చెప్పినవన్నీ కూడా ఎక్కడో నిజాలవుతున్నాయేమోనని.

ఆ పేజీ ఫొటోకాపీ తీసి పెద్దాయనకి ఇచ్చాను. చదివి మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "నేను బ్రెడ్డు టోస్టు చేసినా మాడిపోతుంది," అన్నాడు. "మా ఆవిడ నన్ను వంటింట్లోకి రానిచ్చేది కాదు." ఆ రోజు నుంచి నన్ను వరండాలోకి రమ్మని కుర్చీ వేసేవాడు. ఫ్రెంచి ఇంటిపేర్లలో నన్ను మించినవాడు లేడని ఆయన నమ్మకం. మనల్ని నమ్మే మనిషి ఎదురైతే ఎంత మత్తుగా ఉంటుందో, అది ఎప్పుడూ నమ్మకం పొందనివాడికే తెలుస్తుంది.

అలా ఒక ఆదివారం మధ్యాహ్నం అసలు సంగతి చెప్పాడు. ఆయనకి ఐదేళ్ళప్పుడు తండ్రి వెళ్ళిపోయాడు. అప్పుడు వాళ్ళు ఈశాన్యపు కొసన మెయిన్ రాష్ట్రంలో, బట్టల మిల్లున్న ఊళ్ళో ఉండేవాళ్ళు. తల్లి పిల్లవాణ్ణి తీసుకుని ఆర్కన్సాలో పుట్టింటికి వచ్చేసింది. ఫొటోలు పొయ్యిలో పెట్టింది. ఆ మనిషి మాట ఎత్తనివ్వలేదు. మేనమామలు, వాళ్ళ పిల్లలు, అందరివీ ఇంగ్లీషు పేర్లు. ఇంటిపేరు ఒక్కటే తండ్రిది మిగిలింది.

"మా ఆవిడ సమాధి చూశావుగా," అన్నాడు. చూశాను. ఇక్కడ మొగుడూ పెళ్ళాలకి ఒకే రాయి వేస్తారు. ఆమెవి రెండు సంవత్సరాలూ చెక్కి ఉన్నాయి. ఈయనకి పుట్టిన సంవత్సరం చెక్కి రెండోది ఖాళీ వదిలారు. "రేపు నేను ఆ పేరు కిందే పడుకోవాలి. ఆ పేరెవరిదో నాకు తెలీదు. నేను తప్ప ఆ పేరున్న మొహం ఇంతవరకూ చూడలేదయ్యా. ఒక్కటి చూసి, మా మనిషేనని చెయ్యి పట్టుకుని, పోవాలనుంది."

అక్కడ అమెరికావాడెవడైనా ఉంటే "అయ్యో" అని ఊరుకునేవాడు. నేను తెలుగువాణ్ణి. ఇంటిపేరు ఒకటైతే దాయాదులని, పిల్లనిచ్చి పుచ్చుకోరని, ఎక్కడ కలిసినా అన్నదమ్ములేనని ఉగ్గుపాలతో తాగినవాణ్ణి. ఈ ఊరొచ్చిన మొదటి నెలలో ఎవరిదో పుట్టినరోజు పార్టీలో మా ఇంటిపేరే ఉన్న ఇంజినీరు ఒకడు కనిపించాడు. పది నిమిషాల్లో నేను వాడికి బాబాయినయ్యాను. పదిహేనో నిమిషానికి వాడి భార్య నాకు వంగి దణ్ణం పెట్టింది. ఆ వారాంతానికి వాడి సోఫా మూడో అంతస్తుకి మోస్తున్నాను.

"ఇదేం పెద్ద పని సార్?" అన్నాను. "ఒక ఇంటిపేరంటే ఒకే రక్తం. ఎక్కడున్నా మీవాళ్ళే. నేను పట్టుకొస్తాను."

పెద్దాయన కుర్చీలో ముందుకి జరిగాడు. "మీ దేశంలో అంతేనా?"

"ఏ దేశంలోనైనా అంతే," అన్నాను. ఇది అబద్ధమని అప్పటికి నాకూ తెలీదు. అందుకే దీన్ని అబద్ధాల లెక్కలో వెయ్యొద్దు.

వెతికితే తెలిసింది, ఫూర్నియేలకి కొదవ లేదు. ఫ్రాన్సు నిండా ఉన్నారు. కెనడాలో క్యూబెక్‌లో వీధికొకరున్నట్టున్నారు. అక్కడి నుంచి మిల్లు పనులకి దిగి వచ్చినవాళ్ళు మెయిన్, న్యూ హాంప్‌షైర్, మసాచుసెట్స్ రాష్ట్రాల్లో స్థిరపడ్డారు. కొందరు లూసియానాలో. ఆ మిల్లు ఊళ్ళలో కొన్ని ఫ్రెంచి ఇంటిపేర్లు పక్కవాళ్ళకి పలకడానికి వీలుగా ఇంగ్లీషులోకి మారిపోయాయట. లెబ్లాంక్‌లు వైట్‌లయ్యారు, బోయివేర్‌లు గ్రీన్‌వుడ్‌లయ్యారు. మారకుండా మిగిలిన ఫూర్నియేల్లో మాకు అందరికన్నా దగ్గర మిస్సోరీలో దొరికింది. మిస్సిస్సిపీ ఒడ్డున ఫ్రెంచివాళ్ళు కట్టుకున్న పాత ఊళ్ళో, రిటైరైన టీచరు ఒకావిడ. ఫోన్ చేసి, "మీ దాయాది ఒకాయన ఉన్నాడు" అన్నాను. ఆవిడ నవ్వి, తప్పకుండా రమ్మంది.

పెద్దాయన క్షవరం చేయించుకున్నాడు. భార్య కొన్న నీలం కోటు తొడుక్కున్నాడు. మా ఆవిడ పులిహోర డబ్బా కట్టిచ్చి, ఆయనకి వినబడకుండా నా చెవిలో అంది: "ఆవిడ ఈయన రిలేటివేనని కనుక్కున్నారా?"

"ఇంటిపేరు ఒకటే కదే."

"అది కాదు నేనడిగింది. నాకేదో భయంగా ఉందండీ. మీరు మామూలుగా సరదాకి చెబుతారు. ఈసారి సీరియస్‌గా చెబుతున్నారు."

ఐదున్నర గంటల డ్రైవ్. దారంతా పెద్దాయన ఆవిడతో ఏం మాట్లాడాలో సాధన చేశాడు. ముందు చెయ్యి కలపాలా, కౌగిలించుకోవాలా అని అడిగాడు. పెద్దవాళ్ళు కాబట్టి చెయ్యి చాలన్నాను. కాసేపటికి, "మరి మీ ఇంటిపేరుకి అర్థమేంటి?" అన్నాడు.

చెప్పాను. మాది ఒక ఊరి పేరు. కృష్ణ అవతల ఎక్కడో ఉంది. తాతల తాతలు అక్కడి నుంచి వచ్చేశారు. ఆ ఊరు నేను చూడలేదు.

"ఎందుకని?"

నాకు అబద్ధం తోచలేదు. "ఎప్పుడైనా వెళ్ళొచ్చు కదా అనుకుని," అన్నాను. బస్సు బోర్డు మీద ఆ ఊరి పేరు ఒకసారి చూశాను. బస్టాండులో, కాలేజీ రోజుల్లో. అది నన్నే పిలుస్తున్నట్టు అనిపించింది. నేను వేరే బస్సెక్కాను. ఇన్నేళ్ళకి, ఒకరి ఇంటిపేరు వెతకడానికి కారు నడుపుతూ, ఆ బస్సు వెనకాల పరిగెత్తాలనిపించింది. దాని రంగు కూడా గుర్తుంది. ఎర్రది. అన్నీ ఎర్రవేలెండి.

టీచరమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. పెద్దాయన చెయ్యి చాపాడు. ఆవిడ కౌగిలించుకుంది. ఆయన ఆవిడ మొహం కేసి చూసిన చూపు నేను రాయలేను. ముక్కు, గడ్డం, చెవులు, ఒక్కొక్కటి విడిగా చూశాడు. తనవి ఏమైనా అక్కడ ఉన్నాయేమోనని.

ఆవిడకి వంశవృక్షాల పిచ్చి. భోజనాల బల్ల మీద కాగితాల ఫైలు సిద్ధంగా పెట్టుకుంది. ఆయన తండ్రి పేరు, మిల్లు ఊరు అడిగింది. కళ్ళజోడు పెట్టుకుని కాసేపు వెతికింది. తర్వాత ఫైలు మూసి, కళ్ళజోడు తీసి, టీచర్లు తప్పు జవాబు రాసిన మంచి విద్యార్థితో మాట్లాడే గొంతుతో చెప్పింది.

"మనం చుట్టాలం కాదండీ. మావాళ్ళు కెనడా నుంచి నది వెంట పడవల్లో ఇక్కడికి దిగినవాళ్ళు. మీవాళ్ళు ఎప్పుడో తర్వాత మిల్లుకి వచ్చినవాళ్ళు. ఫూర్నియేలంతా ఒకటి కారు. ఫ్రాన్సులో ఎన్ని ఊళ్ళుంటే అన్ని బట్టీలు. ఎన్ని బట్టీలుంటే అంతమంది ఫూర్నియేలు. ఎవరికి వారు విడివిడిగా ఆ పేరు తెచ్చుకున్నారు. ట్రక్కు నడిపేవాళ్ళంతా అన్నదమ్ములవుతారా చెప్పండి?"

పెద్దాయన నా వైపు చూశాడు. కోపంగా కాదు. ఇది అబద్ధమని చెప్పు, నీకు తెలుసు కదా అన్నట్టు.

నాకు తెలిసే ఉండాలి. మన దగ్గర ఎన్ని జిల్లాల్లో కరణంవారు లేరు! ఊరికొక కరణం, కరణానికొక కుటుంబం. ఒకరి మొహం ఒకరు ఎరగరు. వృత్తి పేరు ఇంటిపేరైతే అంతేనని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ ఆ సంగతి ఆ క్షణం దాకా నా బుర్రకి తట్టలేదు. పెద్దాయన కుర్చీలో ముందుకి జరిగిన ఆ ఆదివారం నేను ఆలోచించడం మానేసి చెప్పడం మొదలుపెట్టాను.

ఆవిడ మంచిది. ఉమ్మితో చేసే డీఎన్ఏ పరీక్ష చేయించుకుంటే చుట్టాలెవరో తెలుస్తుందంది. పెద్దాయన టోపీ తీసుకుని లేచాడు. "ఉమ్మి పోస్టులో పంపి నాన్నని తెప్పించుకోమంటారా అమ్మా? వద్దులెండి." ఆవిడ పెట్టిన ఆపిల్ పై ముక్కలు తినకుండానే వచ్చేశాం. వచ్చేటప్పుడు ఆయన ఒకే ఒక్క మాట అన్నాడు, రాష్ట్రం పొలిమేర దాటాక. "ఆవిడ చెవులు నాలాగే ఉన్నాయనుకున్నాను."

పులిహోర డబ్బా మూత కూడా తియ్యలేదు.

తర్వాత మూడు వారాలు ఆయన బయట కనిపించలేదు. ఉత్తరాలు పెట్టెలో నిండిపోయాయి. తపాలా ఆవిడ నన్ను ఆపి, "మీ ఫ్రెండ్ బాగానే ఉన్నాడా?" అంది. నేను వెళ్ళి తలుపు కొడితే తీశాడు. గడ్డం పెరిగింది. నీలం కోటు ఆ రోజు విప్పి కుర్చీ మీద వేసింది వేసినట్టే ఉంది. టీవీ నడుస్తోంది, గొంతు లేకుండా.

వెళ్ళింది క్షమాపణ అడగడానికి. వాక్యం కూడా సిద్ధం చేసుకున్నాను. నోరు తెరిస్తే వేరే వాక్యం వచ్చింది.

"మెయిన్ నుంచి ఫోనొచ్చింది సార్. టీచరమ్మ మన గురించి ఎవరికో రాసిందట. మీ నాన్నగారి తమ్ముడి కూతురు. డెబ్బై ఏళ్ళావిడ. మీ చెల్లెలవుతుంది."

ఇలాంటివి మొదలైతే వాటంతట అవే నడుస్తాయి. మిల్లు మూసేశాక వాళ్ళ నాన్న బేకరీలో చేరాడన్నాను. ఎండాకాలం కూడా చేతులకి పిండేనన్నాను. వాళ్ళ పెదనాన్న, అంటే ఈయన తండ్రి, ఆరడుగుల మనిషని, ఎడం చేత్తో తినేవాడని, చొక్కా జేబులో చిన్నపిల్లాడి బూటు ఒకటి పెట్టుకుని తిరిగేవాడని, ఎవరైనా అడిగితే రెండోది ఆర్కన్సాలో ఉందనేవాడని చెప్పాను.

అక్కడ పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు.

"నువ్వు అబద్ధం చెప్పేటప్పుడు నీ ఎడమ కనుబొమ్మ పైకి లేస్తుందయ్యా. మొదటి రోజు నిప్పు గురించి చెప్పినప్పుడూ లేచింది."

నేను తల దించుకున్నాను. ఆయన టీవీ కట్టేశాడు. ఇంకో కుర్చీ లాగి నా ముందు వేశాడు.

"ఆరడుగులు వద్దు. నేనే ఐదూ ఏడు. ఆయన్ని కొంచెం పొట్టి చెయ్యి," అన్నాడు. "మిగతాది బాగుంది. కానియ్యి, చెప్పు."

అలా ప్రతి ఆదివారం మధ్యాహ్నం మేమిద్దరం కూర్చుని ఒక తండ్రిని తయారుచేశాం. నేను చెబుతాను, ఆయన దిద్దుతాడు. మీసం వద్దన్నాడు. పాట పాడేవాడని పెట్టమన్నాడు. గడ్డం గీసుకోవడం మొదలుపెట్టాడు. ఒకసారి మా ఆవిడ పంపిన వడ కూడా తిని, లోపల కారం ఎక్కడ దాచారని అడిగాడు.

ఇక ఒట్టు సంగతి. ఇందులో నేను కల్పించింది ఒక్కటే. కనుబొమ్మ.

ఆయన చెయ్యెత్తలేదు. నీ మాట అబద్ధమని అనలేదు. ఆరడుగులు తగ్గించమనలేదు, మేమిద్దరం కూర్చుని ఏ తండ్రినీ దిద్దలేదు. ఆ మాటలు ఆయన చేత అనిపించాలని నేను ఎన్ని నెలలుగా ఎదురుచూస్తున్నానో మీకు తెలీదు. ఇవాళ ఇక్కడ రాసుకుని అనిపించాను. జరిగింది ఇది: బూటు దగ్గరికి వచ్చేసరికి ఆయన టీవీ కట్టేసి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, "ఆయన నా గురించి ఎప్పుడైనా అడిగాడని ఆవిడ చెప్పిందా?" అన్నాడు.

"చెప్పింది సార్," అన్నాను. "చివరి దాకా అడిగారట."

ఆయన లోపలికి వెళ్ళి చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు ఒక కవరు తెచ్చాడు. అందులో ముప్పై ఏళ్ళ వయసులో ట్రక్కు పక్కన నిలబడి తీయించుకున్న ఫొటో ఉంది. ఆవిడకి పంపమన్నాడు, నాన్న పోలికలున్నాయో లేదో చూసి చెబుతుందని. ఆ కవరు నా బల్ల సొరుగులో ఉంది. దాని మీద రాయడానికి అడ్రసు లేదు.

"వెళ్ళి నిజం చెప్పండి," అంటుంది మా ఆవిడ. నవ్వడం మానేసి అంటుంది. ప్రతి ఆదివారం చెప్పడానికే బయల్దేరతాను. ఆయన గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసి కూర్చుని ఉంటాడు. "చెల్లెలు ఏమంటోంది?" అంటాడు.

ఆవిడ కుశలం చెప్పేసి వస్తాను.